బాల్కనీ రెయిలింగుకు పాదు ఎక్కడుంది?

కాకినాడలో మా ఇల్లు 1994లో కట్టినది. మేడ మీద వీధి వైపు మూడడుగుల బాల్కనీ, దానికి గుండ్రటి ఇనుప పైపు రెయిలింగు. ఏటా పండక్కి ముందు రంగు పడేది కాబట్టి ఎప్పుడు చూసినా కొత్తదానిలాగే కనపడేది. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు కరెంటు తీగకి చిక్కుకున్న గాలిపటం అందుకుందామని దాని మీద వంగాడు. కిందెక్కడో టక్‌మని చప్పుడైంది. పక్కనే ఉన్నాను కాబట్టి చొక్కా పట్టుకుని లోపలికి లాగేశాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి కూర్చుని చూస్తే మధ్య కాలు పాదం దగ్గర ఇనుమే లేదు. ముప్పై ఏళ్ల రంగు పొరలు గొట్టంలా నిలబడి ఉన్నాయి, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగబడ్డాయి. వెల్డింగ్ షాపు అతన్ని పిలిస్తే వచ్చి చూసి, "ఏం పర్లేదండి, చిన్న ముక్క అతికేసి రంగేసేస్తే ఇంకో పదేళ్లు చూసుకోక్కర్లేదండి" అన్నాడు. మంచివాడే, డబ్బు మిగల్చాలనే అన్నాడు. కానీ నేనూ కట్టడాల పనిలో బతికినవాణ్ణే. ఊళ్లో వాళ్ల బీములు, పునాదులు తనిఖీ చేసిన నేను మా ఇంటి బాల్కనీ పాదం ఒక్కసారైనా వంగి చూడలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆ తరువాత రెండు నెలలు ఈ పని మీదే పడ్డాను. ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలకి చెప్పిన జవాబులే ఇవి.

ఎప్పుడూ పాదం దగ్గరే ఎందుకు పాడవుతుంది?

నీళ్లు అక్కడే నిలుస్తాయి కాబట్టి. రోజూ బాల్కనీ కడుగుతాం, తులసికోటకి, కుండీలకి నీళ్లు పోస్తాం, వాన జల్లు కొడుతుంది. నేల వాలు సరిగా లేకపోతే ఆ నీరు ప్రతి కాలు చుట్టూ చిన్న మడుగు కడుతుంది. పైపు నేలలో దిగే చోట రంగుకీ సిమెంటుకీ మధ్య సన్నని సందు ఏర్పడుతుంది. తడి అందులోకి చేరిందంటే ఎండకి కూడా త్వరగా ఆరదు.

ఇంకో దారి లోపలి నుంచి. పైపు బోలుగా ఉంటుంది. పూలు, చక్రాలు, ఊచలు అతికిన చోట వెల్డింగు చుట్టూ పూర్తిగా మూసుకోకపోతే సూది మొనంత కన్నం చాలు, వాన నీరు లోపలికి దిగి అడుగున నిలిచిపోతుంది. బయట నుంచి మనం ఎన్ని కోట్లు రంగు వేసినా ఆ లోపలి తుప్పుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. మా పైపు సరిగ్గా అలాగే పోయింది. కోసి తలకిందులు చేస్తే ఎర్రటి నీళ్లు గ్లాసుడు కారాయి.

ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు కొన్ని రెట్లు పెరుగుతుంది. గ్రానైట్‌లోనో సిమెంటులోనో బిగిసి ఉన్న పైపు ఉబ్బితే చుట్టూ ఉన్నది పగలక తప్పదు. అందుకే కాలి చుట్టూ రాయి బీటలు వారుతుంది, స్లాబు అంచున పెచ్చులు ఊడుతాయి. ఆ బీటలోంచి మరింత నీరు, మరింత తుప్పు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఈ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. అదే పైపు వరంగల్‌లో ఉండి ఉంటే ఇంకొన్నేళ్లు నిలిచేదేమో.

కష్టమేమిటంటే, తడి ఎక్కడ ఎక్కువో బరువు కూడా అక్కడే ఎక్కువ. ఆ సంగతి తరువాతి ప్రశ్నలో చూద్దాం.

ఎంత బలం ఉండాలి? చేత్తో ఊపితే కదలకపోతే చాలదా?

చాలదు. చేత్తో ఊపినప్పుడు మనం పెట్టే బలం కొద్దిపాటిది. కాలు జారినవాడు పడేటప్పుడు పెట్టేది వేరు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇంటి బాల్కనీ రెయిలింగు పైకమ్మీ మీద ప్రతి మీటరుకీ 0.35 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 35 కిలోల అడ్డతోపుడు పడినా తట్టుకోవాలి. డాబా అంచు పిట్టగోడకీ, కమ్మీకీ అయితే 0.75, అంటే దాదాపు 75 కిలోలు. సినిమా హాళ్లు, బడుల్లాంటి జనం గుమికూడే చోట్ల 2.25. అమెరికా ఇళ్ల నియమం వేరే తీరులో చెబుతుంది: పైకమ్మీ మీద ఏ ఒక్క చోటైనా 200 పౌన్లు, అంటే 90 కిలోలు తోసినా నిలవాలి. మన ఇళ్లలో శుభకార్యాలకి బాల్కనీలో పదిమంది చేరి ఊరేగింపు చూస్తూ ఒకేసారి ఆనుకుంటారు. అందుకని ఇంటి బాల్కనీకైనా నేను 0.75 లెక్కే పట్టుకుంటాను.

ఇప్పుడు గునపాన్ని గుర్తు తెచ్చుకోండి. పొడవాటి కొస పట్టుకుని కొద్దిగా నొక్కితే పొట్టి కొస దగ్గర బండరాయి లేస్తుంది. రెయిలింగు కాలు కూడా గునపమే. మీటరు ఎత్తున 90 కిలోలు తోస్తే, కింద 4 అంగుళాల పలక వీధి వైపు అంచు మీద తిరగబడాలని చూస్తుంది. లోపలి వైపు బోల్టులు ఆ అంచుకి 75 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే, 90ని 1000తో హెచ్చవేసి 75తో భాగించాలి. 1200 కిలోలు. రెండు బోల్టులు పంచుకుంటే ఒక్కోదాన్ని 600 కిలోల బలం పైకి పీకుతోందన్నమాట! అదే పలకని 6 అంగుళాలు చేసి, ఆ దూరం 125 మిల్లీమీటర్లకి పెంచితే ఒక్కో బోల్టు మీద 360కి దిగుతుంది. పలకలో పెరిగినది రెండంగుళాలే, బోల్టు మీద భారం మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది.

నేను ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఒక్కటే. షాపులో మనకి చూపించేవి పైకమ్మీ మెరుపు, మధ్యలో డిజైను. ధర కూడా అడుగుల్లో వాటికే చెబుతారు. కాపాడేది మాత్రం పాదం కింద కనపడకుండా పోయే బోల్టు. చెట్టుకి పాదు ఎలాగో దీనికి అదే. రెయిలింగు బేరం మొదలుపెట్టగానే మొదట అడగాల్సిన మాట: "బోల్టు దేంట్లోకి దిగుతుందండీ?"

దేంట్లోకి దిగాలి?

అసలు కాంక్రీటులోకి. మన బాల్కనీ నేలని నిలువుగా కోసి చూస్తే పైన గ్రానైట్ లేదా టైలు, దాని కింద అంగుళమున్నరో రెండంగుళాలో మాలు, ఆ కింద స్లాబు. రెండున్నర అంగుళాల బోల్టు కొడితే అది గ్రానైట్‌నీ మాలునీ దాటేసరికే అయిపోతుంది. బిగించిన రోజు బండలా ఉంటుంది. కానీ పట్టుకున్నది స్లాబుని కాదు, స్లాబు మీద పరిచిన రొట్టెని. అందుకే నేలరాయి మందం, మాలు మందం కొలిచి, వాటిని దాటాక స్లాబులో కనీసం మూడంగుళాలు దిగేలా బోల్టు పొడవు ఎంచుకోవాలి. నేను 12 మిల్లీమీటర్ల బోల్టులు వాడాను.

బాల్కనీ స్లాబు సాధారణంగా నాలుగు, ఐదు అంగుళాలే. అంచుకి మరీ దగ్గరగా కన్నం వేసి వ్యాకోచించే రకం బోల్టు, అదే మనవాళ్లు రాల్ బోల్ట్ అనేది, బిగిస్తే అది లోపల విచ్చుకుంటూ కాంక్రీటుని పక్కకి నెడుతుంది. అంచు చిట్లి ముక్క ఊడి వస్తుంది. స్లాబు అంచు నుంచి కనీసం నాలుగంగుళాలు లోపలికి జరగాలి. అంచు దగ్గర కెమికల్ యాంకర్ మేలు, అది నెట్టదు, అతుక్కుంటుంది. అయితే దానికి కన్నంలో దుమ్ము శత్రువు. కన్నం వేశాక గాలి ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదాలి. ఈ పని రెండు నిమిషాలే, అయినా చాలామంది వదిలేస్తారు. దుమ్ము మీద అతికిన జిగురు దుమ్ముతోపాటే ఊడి వస్తుంది. నేను పక్కనే నిలబడి ప్రతి కన్నం ఊదించాను, కుర్రాళ్లు కాస్త విసుక్కున్నా.

స్లాబు మరీ పల్చగా ఉన్నా, అంచు దెబ్బతిన్నా ఇంకో దారి ఉంది. కన్నాన్ని స్లాబు అడుగు దాకా వేసి, కింద కూడా ఇనుప పలక పెట్టి, పైనుంచి కిందికి బోల్టు బిగించడం. కింది అంతస్తు సీలింగులో నట్లు కనపడతాయి. అందంగా ఉండదు, కానీ అంతకన్నా నమ్మకమైన పట్టు ఇంకోటి లేదు.

ఒక హెచ్చరిక. గోడలోంచి బయటికి చొచ్చుకొచ్చిన బాల్కనీకి ముఖ్యమైన చువ్వలు స్లాబు పైభాగంలో ఉంటాయి, దాన్ని వేలాడకుండా పట్టుకునేవి అవే. డ్రిల్లుకి చువ్వ తగిలితే దాన్ని కోసుకుంటూ పోకూడదు, కన్నం పక్కకి జరపాలి.

అంత తిప్పలు ఎందుకు, ఇటుక గోడ కట్టేస్తే పోదా?

మా అమ్మ కూడా అదే అడిగింది. పిల్లలకి సందులుండవు, తుప్పుండదు, రంగు ఖర్చుండదు అని. లెక్క చూడండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, మీటరు ఎత్తు, రెండు వైపులా ప్లాస్టరింగు కలిపితే పొడవు మీటరుకి దాదాపు 280 కిలోలు. ఇనుప రెయిలింగు మీటరుకి ఇరవై, పాతిక కిలోలకి మించదు. ఆ బరువు పడేది బాల్కనీ కొసన, అంటే మళ్లీ గునపం పొడవు చివర. మూడు మీటర్ల బాల్కనీకి ముందువైపు గోడ ఒక్కటే ఎనిమిది క్వింటాళ్లు దాటుతుంది. ఆ స్లాబు వేసిన రోజున ఎవరూ ఆ బరువు లెక్కలోకి తీసుకోలేదు. కట్టేటప్పుడే గోడకని డిజైను చేసి ఉంటే సరే, లేకపోతే ఇంజనీరు చూసి ఒప్పుకోకుండా రెయిలింగు తీసి గోడ కట్టకండి. బాల్కనీలో కుండీల వరస, రాతి బెంచీ, నీళ్ల ట్యాంకు పెట్టేటప్పుడు కూడా ఈ లెక్క మరవకూడదు.

ఎత్తు ఎంత?

నేషనల్ బిల్డింగ్ కోడ్ డాబా, బాల్కనీ అంచులకి కనీసం 1 మీటరు అంటుంది, అదీ పూర్తయిన నేల మట్టం నుంచి. చివరి మాట ముఖ్యం. పాత మొజాయిక్ మీద కొత్తగా గ్రానైట్ పరిపించినప్పుడు నేల రెండంగుళాలు లేస్తుంది, రెయిలింగు మాత్రం పాతదే. మా ఇంట్లో మొదట 36 అంగుళాలు ఉన్నది 34కి దిగింది, ఇరవై ఏళ్లపాటు ఎవరికీ తట్టలేదు.

మీటరే ఎందుకు? నిలబడ్డ మనిషి బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు బొడ్డుకి కాస్త కింద, ఒంటి ఎత్తులో దాదాపు 55 శాతం దగ్గర ఉంటుంది. 170 సెంటీమీటర్ల మనిషికి అది సుమారు 94. కమ్మీ దానికన్నా పైన ఉంటే ఒళ్లు దాని మీద ఆగుతుంది. కింద ఉంటే నడుము మీదుగా తిరగబడుతుంది. ఆరడుగుల వాడికి ఆ చోటు మీటరు దాకా వస్తుంది, మా మేనల్లుడు ఆరడుగులు దాటాడు. అందుకే నేను మూడున్నర అడుగులు, 107 సెంటీమీటర్లు పెట్టించాను. వీధి కనపడదేమో అని అమ్మ బెంగపడింది, ఊచల మధ్యలోంచి శుభ్రంగా కనపడుతోంది.

ఎత్తుని మనమే తగ్గించుకునే తీరు ఇంకోటుంది: రెయిలింగు పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కూలరు, పాత పెట్టె, కుండీల స్టాండు. దాని మీదెక్కిన పిల్లవాడికి మూడున్నర అడుగులు అడుగున్నరే.

నిలువు ఊచలా, అడ్డ పైపులా?

నిలువు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఈ మధ్య స్టీలు రెయిలింగుల్లో మూడు నాలుగు అడ్డ పైపులు పెట్టడం పరిపాటి అయింది. పెద్దల కంటికి అది సాదాగా ఉంటుంది, మూడేళ్ల పిల్లకి నిచ్చెన. నిలువు ఊచలకి కాలు పెట్టే చోటు దొరకదు.

సందు నాలుగంగుళాలు దాటకూడదు. పిల్లల ఒళ్లు మెత్తగా ఉంటుంది, తల ఉండదు. ఒళ్లు దూరి తల ఇరుక్కునే సందే అన్నిటికన్నా ప్రమాదం. అమెరికా నియమాల్లో ఒకప్పుడు 6 అంగుళాల సందు చెల్లేది, తరువాత దాన్ని 4కి తగ్గించారు. కొలవడానికి టేపు అక్కర్లేదు, బయటి వ్యాసం సరిగ్గా నాలుగంగుళాలున్న పైపు ముక్క తీసుకుని ప్రతి సందులోనూ తోసి చూడండి, ఎక్కడా దూరకూడదు. అడుగు కమ్మీకీ నేలకీ మధ్య, చివరి ఊచకీ గోడకీ మధ్య కూడా చూడాలి. డిజైనుకని పెట్టే వంపులు, నెమళ్లు, చక్రాల దగ్గర పెద్ద ఖాళీలు వస్తాయి, వాటిని వదిలేయకండి.

పావురాలకని కట్టే నైలాన్ వల మనిషిని ఆపడానికి కాదు. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు కనపడే సన్నని స్టీలు తీగల గ్రిల్లు మంచి అదనపు కాపుదలే, కానీ రెయిలింగుకి బదులు కాదు. తీగల్ని పక్కకి నెడితే సందు విచ్చుకుంటుంది, బిగువు ఏటా చూడాలి. బాల్కనీ అంతా గ్రిల్లుతో మూసేసేవాళ్లు ఒక తలుపైనా లోపలి నుంచి తెరుచుకునేలా పెట్టుకోవాలి, దాని తాళంచెవి అక్కడే చేతికందేలా ఉండాలి. మంటలు రేగినప్పుడు బయటపడే దారి అదొక్కటే కావచ్చు.

ఏ లోహం?

డబ్బు, ఊరు చూసుకుని ఎంచుకోవాలి. మామూలు ఇనుము చవక, బలమైనది, అతకడం తేలిక. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో బోలు పైపులకి బదులు 12 మిల్లీమీటర్ల గట్టి చదరపు ఊచలు వాడి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, దాని మీద ఎనామెల్ రెండు కోట్లు వేస్తే చాలా ఏళ్లు నిలుస్తుంది. గాల్వనైజ్డ్ పైపు ఇంకా మేలు. అయితే వెల్డింగు చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు తప్పక వేయించాలి. పూత కాలేటప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, పని ఆరుబయట చేయించండి.

స్టెయిన్‌లెస్ స్టీలులోనే అసలు మోసం జరుగుతుంది. బజారులో 202, 304, 316 అనే గ్రేడులు వినపడతాయి. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. మెరుపు ఒకటే, కోస్తా గాలికి మాత్రం కొద్ది నెలల్లో టీ చుక్కలు పడ్డట్టు గోధుమరంగు మచ్చలు వేస్తుంది. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, లోపలి ఊళ్లకి ఇది చాలు. సముద్రం ఒడ్డున 316, దాంట్లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉప్పుని తట్టుకుంటుంది. దుకాణంలో అయస్కాంతం పెట్టి "అంటుకోలేదు చూడండి, 304" అంటారు. 202 కూడా అంటుకోదు. కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండిటి తేడా తెలియదు. పైపు మీద ముద్రించిన గ్రేడు చూడాలి, బిల్లులో గ్రేడు రాయించుకోవాలి. చుక్క వేసి రంగు మార్పు చూసే రసాయనం కూడా దొరుకుతుంది. పెద్ద పని అయితే అది కొనడం దండగ కాదు.

మందం గేజుల్లో చెబుతారు: అంకె పెరిగితే మందం తగ్గుతుంది. 18 గేజు అంటే 1.2 మిల్లీమీటర్లే, 16 అంటే 1.6. ఊచలకి అవి సరే. నిలువు కాళ్లకి పనికిరావు. నేను కాళ్లకి 50 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, 3 మిల్లీమీటర్ల మందంది తీసుకుని, నాలుగడుగులకి ఒకటి చొప్పున పెట్టించాను. పాదం పలక 10 మిల్లీమీటర్ల మందం.

స్టీలుని బతికించుకునే చిన్న జాగ్రత్తలు రెండున్నాయి. ఇనుము కోసిన గ్రైండరు చక్రంతో స్టీలుని రుద్దనివ్వకండి, ఇనుప రజను అందులో నాటుకుని తుప్పు లేపుతుంది. టైల్స్ పని అయ్యాక యాసిడ్ పోసి కడుగుతారు చూడండి, అది స్టీలు మీద పడితే మచ్చలు కట్టక మానదు. మంచినీళ్లతో నెలకోసారి కడిగితే చాలు, ఉప్పు పోతుంది.

గాజు గురించి కొద్దిగానే చెబుతాను. టఫెండ్ గాజు బలమైనదే, కానీ తయారీలో లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ కణం వల్ల ఏళ్ల తరువాత ఏ దెబ్బా తగలకుండానే ఒక్కసారిగా పగలవచ్చు. ఒంటి పలక అయితే అది మొత్తం రాలి వీధిలో పడుతుంది, బాల్కనీకి అడ్డు లేకుండా పోతుంది. రెండు టఫెండ్ పలకల మధ్య పొర వేసి అతికిన లామినేటెడ్ గాజు పగిలినా ఆ పొరకి అంటుకునే ఉంటుంది. గాజే కావాలనుకుంటే అదే పెట్టించుకోండి, పైన స్టీలు కమ్మీ కూడా ఉంచండి.

పాతది ఇంకా బాగుందో లేదో ఎలా చూడాలి?

ఒళ్లు దాని మీద వాల్చి మాత్రం కాదు. రెండు కాళ్లూ వెనక్కి దూరంగా పెట్టి, పడినా లోపలికే పడేలా నిలబడి, ప్రతి కాలు దగ్గరా పైకమ్మీని రెండు చేతులతో మెల్లగా బలం పెంచుతూ నెట్టి లాగండి. అప్పుడు ఇంకొకరు కింద కూర్చుని పాదం చూడాలి. అక్కడ వెంట్రుకవాసి కదిలినా లెక్కే. స్పానరుతో పాదం నుంచి పైకి తడుతూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబడబలాడుతుంది. రంగు బుడగలెత్తిన చోట స్క్రూడ్రైవరు మొనతో పొడవండి. తరువాత వీధిలోకి దిగి స్లాబు అడుగు భాగం చూడండి. ఎర్రటి చారలు, పొడవాటి బీట, పెచ్చు ఊడి చువ్వ కనపడటం ఉంటే అది రెయిలింగు సమస్య దాటిపోయింది. ముందు స్లాబు బాగు చేయించాలి, అప్పుడే రెయిలింగు.

తీసి బిగించే రోజు ఏం జాగ్రత్తలు?

మొత్తం ఒకేసారి కోసేయడం పెద్ద తప్పు. రాత్రికి పని ఆగితే బాల్కనీ అంచు బోసిగా ఉండిపోతుంది, ఇంట్లో పెద్దవాళ్లు నిద్రలో లేచి అలవాటుగా అటే నడుస్తారు. ఒక భాగం తీసి, అది బిగించాకే రెండోది తీయించండి. బాల్కనీ తలుపుకి తాళం వేయండి. కింద వీధిలో తాడు కట్టి ఒక మనిషిని నిలబెట్టండి, గ్రైండరు నిప్పురవ్వలు కింద ఆపిన బళ్ల మీద పడతాయి. పని చేసే కుర్రాళ్లకి నడుముకి బెల్టు, దాని తాడు గది లోపల కిటికీ చట్రానికి కాదు, పిల్లరుకి కట్టాలి. వాళ్లు అక్కర్లేదండి అంటారు. ఇంటివాళ్లం మనం ఒప్పుకోకూడదు.

పాత పైపుని నేల మట్టానికి కోసి పైన టైలు అతికేయడం చాలా చోట్ల చూశాను. లోపలి మొండెం ఉబ్బుతూనే ఉంటుంది, రెండేళ్లలో ఆ టైలూ లేస్తుంది. చుట్టూ కొద్దిగా తవ్వి, మట్టానికి రెండంగుళాల కిందికి కోసి, మిగిలినదాన్ని గీకి పూత వేసి, కుంచించుకోని గ్రౌటుతో నింపాలి. కొత్త కాళ్లు పాత గుంటల్లో కాకుండా పక్కన గట్టి చోట రావాలి. పలక కింద గ్రౌటు పోసి, అంచుల్ని వాలుగా దిద్దితే నీరు నిలవదు. పలక చుట్టూ, బోల్టు తలల చుట్టూ సీలెంటు పట్టించాలి. పైపు కొసలు, వెల్డింగు కన్నాలు అన్నీ మూయించాలి. రెయిలింగు రెండు చివరలనీ పక్క గోడలకో పిల్లర్లకో కూడా బిగిస్తే పాదాల మీద భారం బాగా తగ్గుతుంది.

డాబా మీద పిట్టగోడ సంగతి?

మన ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది దానికే. అప్పడాలు, వడియాలు ఎండబెట్టేది, పండగనాడు గాలిపటాలెగరేసేది, ఎండాకాలం పడుకునేది అక్కడే. ఎగురుతున్న గాలిపటం చూస్తూ వెనక్కి నడిచే పిల్లవాడు అంచు చూడడు. అయినా చాలా ఇళ్లలో "పై అంతస్తు వేస్తాం కదా" అని ఆ గోడే కట్టరు, పిల్లర్ల చువ్వలు మాత్రం ఏళ్ల తరబడి ఆకాశంలోకి చూస్తుంటాయి. కట్టినచోట అది నాలుగున్నర అంగుళాల ఇటుక వరస, స్లాబు మీద ఊరికే నిలబెట్టినది. ఎండకి స్లాబు వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుని గోడ అడుగున అడ్డంగా సన్నని బీట పడుతుంది. ఆ బీట పడ్డాక గోడని పట్టుకున్నది దాని బరువు ఒక్కటే. దాని మీద కూర్చోవద్దని పిల్లలకి చెప్పడం కాదు, పెద్దలే కూర్చుని కబుర్లు చెబుతుంటారు.

ఎత్తు పెంచాలంటే దాని మీద ఇంకో రెండు వరసల ఇటుకలు పేర్చకండి, ఆ పైన పైపు బోల్టులతో బిగించినా తోపుడంతా ఆ బలహీనమైన గోడ మీదికే పోతుంది. సరైన దారి పిల్లర్ల పైన కాంక్రీటు పొట్టి స్తంభాలు లేపి, వాటిని గోడ పైన చువ్వలతో పోసిన కాంక్రీటు పట్టీతో కలపడం. గోడ ఆ చట్రంలో ఇమిడిపోతుంది. గోడే కట్టని ఇళ్లకి కూడా బయట ఉన్న ఆ పిల్లర్ చువ్వలే ఆధారం. వాటికి కాళ్లు అతికి తాత్కాలికంగా కమ్మీలైనా పెట్టించండి, అంతస్తు వేసేదాకా ఆగకండి.

అమెరికాలో మా అబ్బాయి ఇంటికి కర్ర డెక్ ఉంది, దానికీ ఇదేనా?

మా పక్కింటాయన అడిగిన ప్రశ్న ఇది. సూత్రం అదే, పాదు వేరు. అక్కడ నేల నుంచి 30 అంగుళాలు దాటిన డెక్‌కి రెయిలింగు తప్పనిసరి. ఎత్తు సాధారణంగా 36 అంగుళాలు, కాలిఫోర్నియాలో 42. కర్ర కాళ్లని అంచు పలక మీద కూర్చోవడానికి వీలుగా సగం చెక్కి, స్క్రూలు బిగించడం పాత అలవాటు. చెక్కిన చోటే కాలు చీలుతుంది. అమెరికన్ వుడ్ కౌన్సిల్ ప్రచురించిన డీసీఏ 6 అనే మార్గదర్శిని అలా చెక్కడాన్ని ఒప్పుకోదు. అర అంగుళం బోల్టులు రెండు అవతలి దాకా పోవాలి, లోపలి దూలానికి పట్టు ఇచ్చే ఇనుప బ్రాకెట్ కూడా ఉండాలి అంటుంది. 2004 తరువాత అక్కడి ఇళ్ల కర్రకి పట్టించే రాగి మందులు మామూలు ఇనుప మేకుల్ని తినేస్తాయి, అందుకే హాట్ డిప్ గాల్వనైజ్డ్ గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడాలి. నగరపాలక సంస్థ పర్మిట్ అవసరమో కాదో ముందు కనుక్కోమనండి. రెయిలింగు చూసేటప్పుడే డెక్‌ని ఇంటి గోడకి పట్టి ఉంచే పలకని కూడా చూడమనండి, అది మేకులతోనే ఆగి ఉంటే రెయిలింగు ఎంత గట్టిదైనా లాభం లేదు.

మా ఇంట్లో పని మార్చి నెలాఖరుకి అయింది. కాళ్లు ఐదు, బోల్టులు ఇరవై, ఒక్కోటీ కళ్ల ముందు బిగింపించాను. ఆఖరి రోజు వెల్డింగ్ అతను కమ్మీ పట్టుకుని తన బలమంతా పెట్టి ఊపి చూసి, "ఇదైతే ఏనుగుని కట్టెయ్యొచ్చండి" అన్నాడు. అమ్మ అప్పుడే వచ్చి, బట్టలారేసుకునే తాడుకి ఆ కాళ్లకి రెండు కొక్కేలు అతికించమంది. కొత్త పూత మీద మళ్లీ వెల్డింగు వద్దని, పక్క గోడకి వేరే కొక్కేలు కొట్టించాను. తడి చీరలు ఇప్పుడు అక్కడ ఆరుతున్నాయి, నీళ్లు కారేది పాదాలకి దూరంగా.